ఊరేగింపులో ఊరు ఎక్కడ?

ప్రశ్న: మా అబ్బాయి పెళ్ళి వచ్చే మాఘంలో. శుభలేఖ ప్రూఫ్ చూస్తే "సాయంత్రం 6 గంటలకు బారాత్" అని ఉంది. ఊరేగింపు అని మార్చమంటే ప్రెస్సు ఆయన అది దేవుడికి వాడే మాట అన్నాడు. మా అబ్బాయేమో పార్టీ వాళ్ళ ఊరేగింపులా వినిపిస్తోంది వద్దంటాడు. మా నాన్నగారు ఊరేగింపంటే ఊరికి ఎరిగించడం అని చెప్పేవారు. ఎవరి మాట సరైంది? ఇంకొకటి, మా ఊరేగింపు కల్యాణమండపం గేటు నుంచి లోపలి మెట్ల దాకా మాత్రమే.
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: అమ్మా, ముందు మాట పుట్టుక చూద్దాం, చిక్కు అక్కడే వీడుతుంది. ఊరు, ఏగు అనే రెండు తెలుగు మాటలు కలిసి ఊరేగు అయింది. ఏగు అంటే వెళ్ళు. పాత పుస్తకాల్లో ఏఁగు అని అరసున్నతో ఉంటుంది, తమిళంలో కూడా ఏకు అంటే వెళ్ళడమే. "ఆఫీసుకు ఏగుతున్నాను" అని ఇప్పుడెవరూ అనరు, ఆ క్రియ పద్యాల్లోనూ ఏగుదెంచు లాంటి మాటల్లోనూ ఉండిపోయింది. ఊరును పట్టుకుని ఉండబట్టి ఊరేగు మాత్రం ఇంకా రోజూ నోట్లో ఆడుతోంది.

మీ నాన్నగారి వివరణ నాకు చాలా నచ్చింది, కానీ ఎరిగింపు నుంచి వచ్చి ఉంటే అది ఊరెరిగింపు కావాలి, మధ్యలో ఉన్న ఆ 'రి' ఎక్కడికీ పోదు. కాబట్టి మాట అలా పుట్టలేదు. అయితే ఊరేగింపు చేసే పని గురించి ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. పెళ్ళి రిజిస్ట్రేషన్ అనే పద్ధతే లేని రోజుల్లో ఫలానా ఇంటి పిల్లకీ ఫలానా వాళ్ళ పిల్లవాడికీ పెళ్ళయిందని చెప్పే కాగితం ఏదీ ఉండేది కాదు కదా, రాత్రిపూట కాగడాల వెలుగులో ఇద్దర్నీ పల్లకిలో కూర్చోబెట్టి మేళంతో వీధి వీధీ తిప్పితే, అరుగుల మీద నిలబడి చూసిన ముసలమ్మల దగ్గర్నుంచి చంకలో పిల్లల దాకా అందరూ సాక్షులే.

ఇప్పుడు ఇంకొంచెం లోపలికి వెళ్దాం, ఎందుకంటే అసలు సంగతి అక్కడుంది. ఊరేగింపు అనే నామవాచకం ఊరేగు నుంచి నేరుగా రాలేదు. ఊరేగించు నుంచి వచ్చింది, సాధించు నుంచి సాధింపు వచ్చినట్టు. ఊరేగడం అంటే తాను వెళ్ళడం, ఊరేగించడం అంటే ఇంకొకర్ని తీసుకెళ్ళడం. అంటే ఈ మాటలోనే ఇద్దరున్నారు, ఊరేగేవాళ్ళు, వాళ్ళను మోసి తిప్పేవాళ్ళు. చూసే ఊరు మూడోది. అల్లసాని పెద్దన పేరుతో ఉన్న ఒక చాటు పద్యం మీరు బడిలో చదివే ఉంటారు. కృష్ణదేవరాయలు పోయాక ఆయన తనకు చేసిన గౌరవాలన్నీ తలుచుకుని కవి దుఃఖపడే పద్యం అది. అందులో "మనుచరిత్రం బందుకొనువేళఁ బురమేఁగఁ బల్లకి తన కేలఁ బట్టి యెత్తె" అని ఉంది. పురమేగ అన్నది చూడండి, పురం అంటే ఊరు, కాబట్టి అది ఊరేగ అన్నట్టే. పెద్దన ఊరేగాడు, రాజు స్వయంగా ఆ పల్లకికి చెయ్యి వేసి ఊరేగించాడు. అందరూ అందలం ఎక్కితే మోసేవాళ్ళెవరు అనే సామెత ఉన్న భాషలో ఒక రాజు కవి పల్లకికి భుజం కాకపోయినా చెయ్యి ఇచ్చాడంటే, ఆ గౌరవం ఎంతటిదో ఆ పద్యం విన్నవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

దీన్నిబట్టి ప్రెస్సు ఆయనకు జవాబు దొరికింది. ఊరేగింపు దేవుడిదీ, కవిదీ, పెళ్ళివారిదీ కూడా. మీ అబ్బాయి చెప్పిన పార్టీల సంగతి తర్వాత వచ్చి చేరిన వాడుక. జెండాలు పట్టుకుని నినాదాలతో నడిచేదాన్ని ఊరేగింపు అని పత్రికల్లో రాస్తారు, నేను దాన్ని తప్పనను గానీ, అక్కడ ఊరేగేవాళ్ళు లేరు, అందరూ నడిచేవాళ్ళే. దానికి ప్రదర్శన, ర్యాలీ అనే మాటలు చక్కగా సరిపోతాయి.

ఇక బారాత్. ఇది హిందీ మాట, సంస్కృతంలోని వరయాత్ర నుంచి వచ్చింది. వరుడు తన వాళ్ళతో పెళ్ళికూతురి ఇంటికి బయల్దేరి రావడం అన్నమాట. దానికి తెలుగులో ఊరేగింపు అనం, తరలి రావడం అంటాం. "మగపెళ్ళివారు తరలివచ్చారు" అనే మాట మీ ఇంట్లో ఎన్నిసార్లు విని ఉంటారో. వాళ్ళు విడిదికి చేరేముందు ఆడపెళ్ళివారు మేళంతో ఎదురు వెళ్ళి పానకం ఇచ్చి తీసుకొస్తారు చూడండి, అది ఎదుర్కోలు. ఊరేగింపు పెళ్ళయ్యాక వధూవరులిద్దరిదీ. తెలంగాణలో బరాత్ అన్నప్పుడు చాలాచోట్ల పెళ్ళయ్యాక జంటను ఊరేగించడమే, అంటే మాట ఉత్తరాదిదైనా పని మనదే. చెన్నైలో మీ పక్కింటి తమిళ అయ్యర్ల పెళ్ళిలో ముందురోజు సాయంత్రం పెళ్ళికొడుకును పూలు కట్టిన కారులో గుడి దగ్గర్నుంచి తీసుకొచ్చే జానవాసం మళ్ళీ వేరు, అది మన ఎదుర్కోలుకు దగ్గర.

కాబట్టి మీ సాయంత్రం 6 గంటల కార్యక్రమం తాళి కట్టడానికి ముందు, గేటు దగ్గర పెళ్ళికొడుకును ఆహ్వానించడం అయితే, కార్డులో "ఎదుర్కోలు" అని వేయించండి. పూర్వం మన శుభలేఖల్లో అలాగే వేసేవాళ్ళు, ఇప్పుడూ అర్థం కాని తెలుగువాళ్ళెవరూ ఉండరు. పెళ్ళయ్యాక ఇద్దర్నీ కూర్చోబెట్టి తిప్పేదైతే "ఊరేగింపు" అనండి. గేటు నుంచి మెట్ల దాకా అయితే అనొచ్చా అని అడిగారు. నా మనసులో మాట చెప్తాను. ఆ గేటు దాటి కనీసం వీధి చివరున్న వినాయకుడి గుడి దాకా వెళ్ళి రండి. ట్రాఫిక్ టెన్షన్ ఉంటుంది, ముందుగా పోలీస్ స్టేషన్‌లో చెప్పుకోవాలి, పెద్ద సౌండ్ బాక్సులు వద్దు, ఒక నాదస్వరం, ఒక తవిలు చాలు. ఎదురింటి మేడ మీంచి ఎవరో తెలియని ఒక పెద్దావిడ వంగి చూసి నవ్వితే, మీ కార్డులో ఉన్న ఆ మాటలోకి ఊరు వచ్చినట్టే.


ప్రశ్న: మాది అనంతపురం వైపు, ముప్పై ఏళ్ళుగా బెంగళూరు హలసూరులో ఉంటున్నాం. మేము చిన్నప్పటి నుంచీ మెరవణి అనే అంటాం. మా కోడలు కృష్ణా జిల్లా అమ్మాయి, అది కన్నడం అత్తయ్యా, తెలుగు కాదు అంటోంది. నిజమేనా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: కోడలికి ప్రేమగా చెప్పండి, మెరవణి ముమ్మాటికీ తెలుగే. కన్నడంలో మెరవణిగె ఉంది, రాయలసీమలో మెరవణి ఉంది, రెండూ ఒకే వేరు నుంచి వచ్చాయి. మెరుపు, మెరుగు, మెరయడం, ఇవన్నీ ఆ ఇంటి పిల్లలే. ఊరేగింపు అనే మాట వెళ్ళడాన్ని చూస్తే, మెరవణి అనే మాట వెలుగును చూస్తుంది. దీవిటీలు, నగలు, పూలు, పట్టుబట్టలు, వాటి మధ్య మెరుస్తూ వచ్చేది ఎవరో వాళ్ళది మెరవణి.

సాక్ష్యం కావాలంటే తాళ్ళపాక అన్నమయ్య (1408–1503) ఉన్నాడు, ఆయనా మీ సీమవాడే. తిరుమల బ్రహ్మోత్సవాల మీద ఆయన కీర్తన "తిరువీధుల మెరసీ దేవదేవుడు" అని మొదలవుతుంది. స్వామి వీధుల్లో ఊరేగుతున్నాడు అనడానికి మెరసీ అన్నాడు. వెంటనే మొదటి చరణంలో "తిరుదండెలపై నేగీ దేవుడిదె తొలునాడు" అంటాడు, దండెలు అంటే మోసే కర్రలు, నేగీ అన్నది ఏగీయే, ఊరేగింపులో ఉన్న ఏగు అదే. అంటే మీ మాటా మీ కోడలి మాటా రెండూ ఒకే పాటలో, పక్కపక్కనే ఉన్నాయి. ఈ కీర్తన దగ్గర ఇంకొక్క నిమిషం ఆగాలనిపిస్తోంది. రెండో నాడు శేషుడు, మూడో నాడు ముత్యాల పందిరి, ఐదో నాడు గరుడుడు, ఆరో నాడు ఏనుగు, ఏడో నాడు సూర్యప్రభ, ఎనిమిదో నాడు తేరూ గుర్రమూ అని ఆయన వరస చెప్పాడు. ఈ ఏడాది బ్రహ్మోత్సవాల పట్టిక తెచ్చి పక్కన పెట్టుకుని చూడండి, ఐదో రోజు రాత్రి గరుడ సేవ, ఆరో రోజు రాత్రి గజవాహనం, ఏడో రోజు పొద్దున సూర్యప్రభ, ఎనిమిదో రోజు రథం, ఆ రాత్రి అశ్వవాహనం. ఐదు వందల ఏళ్ళ కిందటి పాట ఇవాళ్టికీ కార్యక్రమ పత్రంలా పనికొస్తోంది! నాకైతే ఈ వరస చదివిన ప్రతిసారీ ఒళ్ళు పులకరిస్తుంది.

మీరుండే హలసూరులోనే సోమేశ్వరస్వామి జాతర రాత్రి పూల పల్లకీలు వరసగా వస్తాయి, దానికి మెరవణి కంటే తగిన మాట నాకు తెలీదు. కానీ చైత్ర పౌర్ణమి రాత్రి తిగళరపేట ధర్మరాయస్వామి గుడి నుంచి బయల్దేరే కరగను, అంటే పూలతో అలంకరించిన కలశం ఉత్సవాన్ని, మాత్రం కరగ అనే అనండి. పూల కరగను చేత్తో పట్టుకోకుండా తల మీద నిలబెట్టుకుని, చుట్టూ కత్తులు పట్టిన వీరకుమారులతో, దారిలో కాటన్‌పేట మస్తాన్ సాబ్ దర్గా దగ్గర ఆగి మరీ వెళ్ళే ఆ రాత్రికి ఊరేగింపు అనే మాట చిన్నదైపోతుంది.


ప్రశ్న: నేను చెన్నైలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. మా వీధిలో ఒక పెద్దాయన చనిపోతే తమిళ పోస్టర్‌లో "ఇరుది ఊర్వలం" అని టైం వేశారు. ఇంటికొచ్చి అమ్మతో "ఆఖరి ఊరేగింపు నాలుగింటికట" అన్నాను. అమ్మ ఒక్క కేక వేసింది. నేనేం తప్పు మాట్లాడాను? ఊర్వలం అంటే ఊరేగింపేగా?
– ఒక విద్యార్థి, అశోక్ నగర్, చెన్నై

జవాబు: నీ అనువాదంలో తప్పు లేదు నాయనా, తెలుగు మాటకున్న మనసు నీకు తెలియలేదు అంతే, అది మాట్లాడుతూ ఉంటే తెలిసేదే. తమిళంలో ఊర్వలం పెళ్ళికీ వస్తుంది, సామికీ వస్తుంది, చావుకీ వస్తుంది. తెలుగులో ఊరేగింపు శుభానికే ఒదిగిపోయింది. చావు దగ్గర అంతిమయాత్ర అంటాం, శవయాత్ర అంటాం. "నాయకుడి భౌతికకాయాన్ని ఊరేగింపుగా తీసుకెళ్ళారు" అని పేపర్లో కనిపిస్తుంది, అక్కడ ఊరేగింపుగా అంటే జనం వెంట నడుస్తుండగా అని. అదైనా వేల మంది వచ్చిన ప్రజానాయకుల విషయంలోనే రాస్తారు. మన వీధి తాతగారికి అలా అనకూడదు. అమ్మ అందుకే కేకేసింది.

ఊర్వలంలోని వలం సంగతి తెలిస్తే నీకు బాగుంటుంది. వలం అంటే కుడి వైపు. కుడి చేతి వైపు ఉంచుకుని చుట్టూ తిరిగి రావడం. తిరువణ్ణామలైలో కొండను అలా చుట్టి వస్తే గిరివలం. ఇదే వలం మన తెలుగు పొలాల్లో కూడా ఉంది, కాడికి కట్టిన రెండెడ్లలో కుడిదాన్ని వలపటెద్దు అనీ ఎడమదాన్ని దాపటెద్దు అనీ అంటారు, మీ తాతగారిది వ్యవసాయమైతే అడిగి చూడు. సంస్కృతంలో ప్రదక్షిణం అన్నదీ ఇదే ఆలోచన, దక్షిణం అంటే కుడి. మైలాపూరులో నాలుగు మాడ వీధుల్లోనూ స్వామి గుడిని కుడి వైపు ఉంచుకుంటూనే తిరుగుతాడు, ఈసారి వెళ్ళినప్పుడు గమనించు. మాడం అంటే మేడ, మేడలున్న వీధులు మాడ వీధులు. తిరుమలలోనూ అదే పేరు.

ఆ మైలాపూరులోనే, పంగుని అనే తమిళ నెలలో జరిగే ఉత్సవంలో ఏడో రోజు తేరు, ఎనిమిదో రోజు అరుపత్తిమూవర్. అరవై ముగ్గురు నాయన్మార్ల, అంటే శివభక్తుల, కంచు విగ్రహాలు చిన్న చిన్న పల్లకీల్లో వరసగా వస్తాయి. వాటిలో రాజుల పక్కన కుమ్మరి ఉంటాడు, చాకలి ఉంటాడు, బెస్త ఉంటాడు, వేటగాడు కన్నప్ప ఉంటాడు. కన్నప్ప మన శ్రీకాళహస్తి కథవాడే. ఒకసారి ఎండలో చెమటలు కక్కుతూ నిలబడి నేను చూసింది ఆ కన్నప్ప పల్లకి కోసమే, పక్కనున్న తమిళాయన నాకు మజ్జిగ గ్లాసు ఇచ్చి "కణ్ణప్పర్ వర్రార్" అని వేలితో చూపించాడు. పల్లకి మోసేవాళ్ళను వాళ్ళు శ్రీపాదం తాంగిగళ్ అంటారు, అంటే స్వామి పాదాలను మోసేవాళ్ళు. మన బోయీలు అనే మాటకు అంత గౌరవం మనం ఇవ్వలేదు, ఇచ్చి ఉండాల్సింది.


ప్రశ్న: పదవి ఉండి అధికారం లేనివాణ్ణి "ఉత్సవ విగ్రహం" అంటారెందుకు? అలాగే "వాడు కొత్త బండేసుకుని ఊరేగుతున్నాడు" అని ఎగతాళిగా అంటాం, మంచి మాటకు ఈ గతి ఎందుకు పట్టింది?
– ఒక పాఠకుడు, వ్యాసర్పాడి, చెన్నై

జవాబు: రెండోదానికి ముందు చెప్తాను. ఊరు గౌరవించి తిప్పాల్సిన మనిషి తనంతట తానే చూపించుకుంటూ తిరిగితే ఆ వెక్కిరింత వచ్చింది. ఊరేగించేవాళ్ళు లేరు, ఊరేగేవాడొక్కడే ఉన్నాడు. అంతే.

కానీ ఈ మాటకు ఇంకో వాడుక ఉంది, దాన్ని నేను ఒప్పుకోను. ఎవర్నో గుండు గీసి గాడిద మీద ఎక్కించారనో, ఒక ఆడమనిషిని వీధుల్లో తిప్పారనో వార్త వస్తే "ఊరేగించారు" అని రాసేస్తున్నారు. వ్యాకరణం ప్రకారం మాట సరిపోవచ్చు, గాడిద మీద ఊరేగించడం అని పాతకాలం నుంచీ ఉండవచ్చు. అయినా అది నేరం. "వీధుల్లో తిప్పి అవమానించారు" అని నేరం కనిపించేలా రాయాలి. పెళ్ళికూతురికి వాడే మాటను అక్కడ వాడొద్దని వార్తలు రాసే పిల్లలందరికీ నా విన్నపం.

ఇక ఉత్సవ విగ్రహం. గర్భగుడిలో ఉన్న మూలవిరాట్టు కదలదు. పూరీ జగన్నాథుడిలా మూలమూర్తే రథమెక్కి బయటికి వచ్చే గుళ్ళు అరుదు. అందుకే ఊరేగడానికి పంచలోహాలతో వేరే మూర్తి ఉంటుంది, తిరుమలలో మలయప్పస్వామి అలాంటివాడే. అసలు శక్తి లోపల ఉంది, బయట తిరిగేది అలంకారానికి అనే తలంపుతో ఆ జాతీయం పుట్టింది. నాకిది న్యాయంగా తోచదు. మంచం దిగలేని ముసలివాళ్ళకు, పచ్చి బాలింతలకు, జబ్బుతో ఉన్నవాళ్ళకు గుమ్మం దగ్గరికి వచ్చింది ఉత్సవమూర్తే కదా. గుడి గడప తొక్కనివ్వని కులాలవాళ్ళకు కూడా దేవుడంటే దూరం నుంచి కనిపించిన ఆ ఉత్సవమూర్తే. మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది 1947లో. అంతకుముందు తరాల సంగతి ఆలోచించండి.

అయితే ఇక్కడ ఒక నిజం చెప్పకుండా దాటిపోలేను. ఆంధ్రలో గుళ్ళలో ఊరేగింపును గ్రామోత్సవం అంటారు, గ్రామమంటే ఊరంతా అనే కదా. కానీ ఊరూ వాడా అని మనం రెండు మాటలు ఎందుకు అంటున్నాం? వాడ ఊళ్ళో భాగం కాదని అనుకున్నారు కాబట్టి. స్వామి పల్లకి చివరి పెద్దింటి దాకా వచ్చి అక్కడ వెనక్కి తిరిగేది, దళితవాడ ఇంకో వంద అడుగుల్లో ఉన్నా అటు వెళ్ళేది కాదు. మా దారిలో రావాలి అని వాళ్ళు అడిగినందుకు గొడవలు ఇప్పటికీ అవుతున్నాయి, తమిళనాడులోనూ, మన దగ్గరా. ఊరేగింపు అనే మాటలో ఊరు ఉన్నప్పుడు ఊళ్ళో ఏ వీధినీ వదిలేయడానికి వీల్లేదు, పల్లకి దారిని నిర్ణయించే పెద్దలు ముందుగా ఈ మాట అర్థం తెలుసుకోవాలి. దళితులు ఎక్కువగా ఉండే వ్యాసర్పాడి నుంచి మీరు రాశారు కాబట్టి ఇది మీకు నేను చెప్పాల్సిన పని లేదేమో, అయినా రాయాలనిపించింది.


ప్రశ్న: తిరుమల బ్రహ్మోత్సవాల ముందు చెన్నై నుంచి గొడుగులు వెళ్తాయి కదా. దాన్ని తెలుగులో గొడుగుల ఊరేగింపు అనొచ్చా? అది ఊరు చుట్టి వెనక్కి రాదు, ఏకంగా కొండకే పోతుంది.
– ఒక పాఠకుడు, విల్లివాక్కం, చెన్నై

జవాబు: మంచి పట్టు పట్టారు. ఊరేగింపు మామూలుగా బయల్దేరిన చోటికే తిరిగి వస్తుంది. ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోయేది యాత్ర. దేవరాజ మొదలి వీధి చెన్నకేశవస్వామి గుడి దగ్గర మొదలై, యానైకవుని దాటి, మీ విల్లివాక్కం మీదుగా తిరువళ్ళూరు వైపు సాగి, తిరుచానూరు చూసుకుని కొండెక్కే ఆ గొడుగులకు చెన్నై వీధుల్లో ఉన్నంతసేపూ ఊరేగింపు అనండి. ఇళ్ళ ముందు నీళ్ళు చల్లి ముగ్గులు పెట్టి, హారతి పళ్ళేలతో జనం ఎదురుచూస్తారు కాబట్టి ఆ మాట సరిపోతుంది. ఊరు దాటాక గొడుగుల యాత్ర అనండి. గరుడ సేవకు ముందే అవి కొండ మీద స్వామికి అందాలి. అక్కడ మాడ వీధుల్లో స్వామి తల మీద ఆ తెల్లటి గొడుగులు విప్పినప్పుడు అది మళ్ళీ ఊరేగింపు అవుతుంది.